ఓల్డాన్

పదకొండేండ్లు
అచ్చంపేట డిపో నుంచి శ్రీశైలం దాకా
అడివిని అద్దం లోపల్నుంచే చూసిన.
నాకెరికైన నల్లమలకు తొమ్మిది స్టేజీలు,
ఇంత చార్జీ, ఇంత చిల్లర.
రాత్రి తొమ్మిదికి మన్ననూరు గేటు పడ్తదని
డ్రైవర్ను తొందరపెట్టుడొక్కటే
అడివితోని నాకున్న చుట్టరికం.
లైట్లల్ల రెండు కండ్లు మెరిస్తే
బస్సంత ఒక్క దిక్కే ఒరిగేది, పులి పులి అని.
ఎన్నడన్న అది కుక్కనో, దుప్పి పిల్లనో.

మొన్న మాఘంల
జంతువుల లెక్కకు మనుషులు కావాల్నంటే
మూడొద్దులు సెలవు పెట్టి పేరిచ్చిన.
మా ఆయన నవ్విండు:
"జనాన్ని లెక్కపెట్టింది సాలలేదా?"

నాకు జోడి నిమ్మల ఈదమ్మ.
పైన ఖాకీ అంగి, కింద చీర.
ఫారెస్టోళ్లు బూట్లిస్తే
లేసులు ముడేసి మెడల ఏసుకున్నది.
"బూటుకు చెవులుండయి" అంటది.

మంచు ఇంకా నారేప కొమ్మల్ని ఇడవలేదు,
ఫర్హాబాదు రోడ్డు ఇడిసి లోపలికి దిగినం.
పదడుగులు పోంగనే
నా ఊపిరి నాకే ఇంజను లెక్క ఇనబడ్డది.
నేను అడుగేస్తే అప్పడం ఇరిగినట్టు ఆకులు,
ఆమె అడుగేస్తే
ఆకుల మీద ఆకు పడ్డట్టు.

ఆమె ఏలు సూపెట్టినంకనే కనబడ్డయి:
నల్లమద్ది మీద ఎలుగు గీరిన గోర్లు,
బెరడు కింద ఇంకా తడి.
రేసుకుక్కలు తిని పోయిన కాడ
నాలుగు ఎంటికలు, ఒక డెక్క,
చీమలు అప్పటికే పంచాయితీ పెట్టినయి.

నేను గడుల్ల రాస్తున్న.
ఇదే జాగ అంటే నా ఫోను అంకెలు చెప్తది,
ఈదమ్మ పేర్లు చెప్తది.
తేనె తెగిన బండ.
మా తాత ఎలుగుతోని కలెవడ్డ మలుపు.
మా అవ్వ నన్ను కన్న మొర్రిచెట్టు.
కిలోమీటర్ల పదిహేడు స్టేజీలు,
ఒక్కటి నా మిషన్ల లేదు.

వాగుకాడ ఆమె చెయ్యి లేపింది.
ఇసుకల
నా అరచెయ్యి కన్న ఎడల్పు ఒక అడుగు.
నాలుగేళ్లు, మడిమె, గోర్లు లేవు.
దాంట్ల నీళ్లు ఊరుతున్నయి.
సగానికే వచ్చినయి,
ఇంకా
ఊరుతున్నయి.

ఎక్కడ్నో కొండముచ్చు దగ్గింది.
కణితి ఒక్కటే అరుపు అరిసింది,
ఇనుప రేకు మీద రాయి పడ్డట్టు.
మాఘం చలిల నా ఎన్ను మీద చెమట.
భయమా అంటే భయమే.
గాని బస్సుల యాభై మంది నన్ను పిలుస్తరు,
కండక్టరమ్మా, ఓ మేడం, ఏయ్ టికెట్ అని.
ఇక్కడ ఎవలో
పిలువకుంట చూస్తున్నరు.
ఆ చూపుకు నాకు పేరు లేదు, బిళ్ల నంబరు లేదు.
గాలిల ఒక వాసనను నేను, అంతే.

ఎంత సేపైందో.
ఆ ఒడ్డుకు గడ్డి సదురుకున్నది.
"పోయిండు" అన్నది ఈదమ్మ,
పక్కింటాయన సంగతి చెప్పినట్టు.

కాగితంల గడి: జంతువు కనబడిందా?
లేదు, అని రాసిన.
దానికి మనం కనబడ్డమా, అన్న గడిని
వాళ్లు అచ్చెయ్యలేదు.

మల్ల డ్యూటీ.
సీసా బయటికిసిరిన పోరన్ని తిట్టిన.
కోతులకు బిస్కెట్లేసే అమ్మను వద్దన్న,
ఆమె ఇంకో పుడ ఇప్పింది.
తిరుగు ట్రిప్పుల, వాగు మీది కల్వర్టు కాడ,
ఎక్కేటోళ్లు లేరు, దిగేటోళ్లు లేరు,
"ఓల్డాన్" అన్న.
బుచ్చన్న అద్దంలకెళ్లి చూసిండు.
"ఎవలున్నరు?"
"ఇంజను బంజెయ్యన్నా. లైట్లు గూడ."

గొణుగుడు. ఒక పిలగాని ఏడ్పు.
ఎవల్దో ఫోన్ల పాట.
పొయ్యి దించిన పాల పొంగు లెక్క
ఒక్కొక్కటి అణిగినయి.
వాగు ఇనబడ్డది.
ముందు సీట్ల ముసలాయన
రుమాలు తీసి ఒళ్లె పెట్టుకున్నడు, ఎందుకో.

గేటుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలు.
రైట్ రైట్.